తెల్ల పట్టీ సీసా

తెల్ల పట్టీ సీసాలో ఏమీ ఉండకూడదు. కానీ ఉంది.

సుజిత యూనివర్సిటీ నుంచి తెచ్చిన కొలిచే యంత్రాన్ని ఆపి, కడిగి, మళ్ళీ పెట్టి చూసింది. అదే అంకె. ఇక చూడబుద్ధి కాక కుర్చీలో వెనక్కి వాలిపోయింది.

"ఏమైంది బిడ్డా?" అన్నాడు యేసయ్య. బొగ్గు గనిలో ఫస్టు షిఫ్టు అయ్యాక బాయి నుంచి నేరుగా ఇంటికొచ్చాడు. కళ్ళ చుట్టూ బొగ్గు ఇంకా అలాగే ఉంది.

"ఖతమైంది బాపూ. ఉడకబెట్టిన నీళ్ళల్ల కూడ పుట్టింది."

యేసయ్య వంగి ఆ అంకెను చూశాడు. పొద్దున ఈ సీసానూ, దీని జత సీసానూ నల్లగుడ్డలో చుట్టి, సద్ది సంచిలో పెట్టుకుని బాయిలోకి తీసుకెళ్ళింది ఆయనే. రెండింట్లోనూ విశాఖ సముద్రపు నీళ్ళే. ఎర్ర పట్టీ అంటించిన సీసాలో నీళ్ళు తెచ్చినవి తెచ్చినట్టే ఉన్నాయి, కంటికి కనపడని జీవులతో సహా. తెల్ల పట్టీ సీసాలోవి మాత్రం సుజిత మరగబెట్టి, జీవులన్నీ చచ్చాక పోసినవి.

ఎండ తగిలితే సముద్రపు నీళ్ళలో హైడ్రోజన్ పెరాక్సైడ్ దానంతటదే పుడుతుంది. చిమ్మచీకట్లోనూ పుడుతుందనీ, అప్పుడు పుట్టించేది ఈ జీవులేననీ సుజిత వాదన. యూనివర్సిటీలో ఎన్నిసార్లు చూపించినా, గదిలోకి ఎక్కణ్నుంచో వెలుతురు వస్తోందని పెద్దవాళ్ళు కొట్టిపారేశారు. ఆ మాట విని యేసయ్యకు రోషం వచ్చింది. "చీకటే గదా వాళ్ళకు కావాల్సింది? మా బాయిల ఎంతంటే అంత ఉంది" అన్నాడు.

నిన్న కూతురు చెబుతుంటే ఆయన టీ చల్లారిపోయేదాకా విన్నాడు.

"దవాఖానల గాయం మీద పోస్తే బుసబుస నురగొస్తది, గదేనా?"

"గదే బాపూ. గుటకెడు నీళ్ళల్ల కోట్లకొద్ది ఉంటయి ఇవి. ఆక్సిజన్‌ను పట్టుకొని దానికి కోపం తెప్పిస్తయి. ఆ కోపమొచ్చిన ఆక్సిజనే ఆఖరికి పెరాక్సైడ్ అయితది."

"మరి దానితోని వాటికే ఒళ్ళు కాలదా?"

"కాలుతది. అందుకే కొన్ని పుట్టిస్తుంటె, పక్కనున్నయి దాన్ని విరగ్గొట్టి మామూలు నీళ్ళు చేస్తుంటయి. ఒకదాన్ని ఒకటి కాపాడుకుంటయి."

"గంత చీకట్ల?"

"గంత చీకట్లనే."

"మా లెక్కనే ఉన్నయి గదనే. ఒకడు తవ్వుతుంటె, ఒకడు పైకప్పు కూలకుంట ఆసరా పెడతడు." యేసయ్యకు ఆ జీవుల మీద ఒక్కసారిగా ప్రేమ పుట్టుకొచ్చింది. పొద్దున ఎర్ర పట్టీ సీసాను సంచిలో పెడుతూ, "ఫికర్ చెయ్యకున్రి, నేనున్న" అని వాటికి ధైర్యం కూడా చెప్పాడు. తోటివాళ్ళకు మాత్రం ఈ సంగతి చెప్పలేదు. చెబితే షిఫ్టంతా ఆటపట్టిస్తారు.

ఇప్పుడేమో ఇట్లా అయింది.

"ఎర్ర దాంట్ల పుట్టలేదా?" అన్నాడు.

"మంచిగ పుట్టింది. తెల్ల దాంట్ల అందుల పదో వంతే ఉంది. కాని సున్నా ఉండాలె బాపూ. చచ్చిన నీళ్ళల్ల కూడ పుడుతున్నదంటె, పుట్టిస్తున్నది జీవులు కాదనే గదా?"

"సంచి మూలకు పెట్టి పనికి వోయిన. మళ్ళ ఇంటికొచ్చేటప్పుడే ఎత్తుకున్న. ఏం కారలేదు కూడ. చూడు, రెండిట్ల నీళ్ళు సమానంగనే ఉన్నయి."

సుజిత చూసి తలూపింది. అంతలో ఫోను మోగింది. ఆమె గైడు వేణుమాధవ్ సారు. రేపు పొద్దున కమిటీ కూర్చుంటుంది. ఇవాళ వచ్చే ఫలితాన్ని బట్టి సుజిత పరిశోధన సాగనిస్తారు, లేకుంటే ఆపేస్తారు.

యేసయ్య గొంతు తగ్గించాడు. "ఎర్ర దాని సంగతొక్కటే చెప్పరాదు? తెల్లదాన్ని ఎవలు చూసిన్రు?"

"నేను చూసిన గదా బాపూ."

యేసయ్యకు ఏడుపొచ్చింది, ఆ ఏడుపులోనే పట్టరాని గర్వమూ కలిగింది. ఇంత బంగారాన్ని కన్నానా అనుకున్నాడు.

సుజిత ఫోను స్పీకర్లో పెట్టింది. "సార్, మరగబెట్టిన నీళ్ళలో కూడా వచ్చింది. నేను అనుకున్నది తప్పు సార్."

"ఉన్నదున్నట్టు చెప్పావమ్మా. అదే నాకు నచ్చింది. కానీ కమిటీకి నేను ఇదే చెప్పాలి" అన్నారు సారు దిగులుగా.

అప్పుడే తలుపు తోసుకుని, యేసయ్య షిఫ్టులోనే పనిచేసే మొగిలి లోపలికొచ్చాడు. చేతిలో చల్లటి నీళ్ళ బాటిలు. ముఖం తప్పుచేసినవాడిలా ఉంది.

"యేసన్నా, మాఫ్ చెయ్యి. నీ నీళ్ళకు బదులు నీళ్ళు తెచ్చిన. ఇయ్యాల బాయిల నాయి ఒడిసినయి. నీ సంచిల బాటిళ్ళు కనవడ్డయి. చల్లగుండాలని గుడ్డ చుట్టినవనుకొని, ఒకటి ఎత్తి గొంతుల పోసుకున్న. రెండు గుటకలు లోపలికి వోయినంక తెలిసింది, ఒకటే ఉప్పు. దగ్గొచ్చి కొన్ని కింద కూడ వోయినయి. మీ నల్లా గిట్ల ఖరాబైందా ఏంది?"

సుజిత దిగ్గున లేచింది. ఫోను ఇంకా ఆమె చేతిలోనే ఉంది, సారు ఇంకా లైన్లోనే ఉన్నారు. "ఏ బాటిలు కాకా?"

"తెల్ల పట్టీది బిడ్డా. ఒకని నీళ్ళు తాగి తక్కువ చేసి పెడితె బాయిల ఇజ్జత్ ఉంటదా? అందుకే ఎర్ర పట్టీ దాంట్ల నీళ్ళు కొన్ని తెల్ల దాంట్ల పోసి, రెండు సమానం చేసి పెట్టిన."