వీరుల కథలు, వరంగల్ బండి

వరంగల్ బండి కూత వినబడేదాకా వామన్‌రావును దుకాణం దాటనివ్వకూడదు. జనార్దన్ ఒప్పుకున్న పని అంతే.

నాంపల్లి స్టేషన్ రోడ్డులో వామన్‌రావుది ట్రంకు పెట్టెల దుకాణం. ఆయన కూతురు నళినికి జనార్దన్ ఆబిడ్స్ ట్యుటోరియల్‌లో ఇంగ్లీషు చెబుతాడు. ఆ నళిని ఈ సాయంత్రం రాజమల్లుతో బండెక్కి, వరంగల్‌లో పెళ్లి చేసుకోబోతోంది. రాజమల్లు జనార్దన్ స్నేహితుడే. నళినిది, అతనిది కులాలు వేరు. ఈ సంబంధం మాటెత్తితే పిల్లను గదిలో పెట్టి తాళం వేస్తానని వామన్‌రావు కులపెద్దల ఎదుటే అన్నాడు. బేరంలోనైనా మాట తప్పడని ఆయనకు పేరు.

“మా పిల్లకు ఏం చెప్తున్నరు సార్?” దుకాణంలో ఎదురుగా కూర్చున్న జనార్దన్‌ను అడిగాడు వామన్‌రావు.

“పాత ఇంగ్లీషు వీరుల కథలు, సావుకారు. అవి కాలంతోని ఎట్ల మారినయో చెప్తున్న.” జనార్దన్ కావాలనే మెల్లగా మొదలుపెట్టాడు. “మొదట ఫ్రెంచిలో పద్యాలు. వినేది దొరలు, అప్పుడు వాళ్లు మాట్లాడేది ఫ్రెంచే. అందుకే అన్నీ యుద్ధాలే. తర్వాత దొరసానులు వినబట్టిన్రు. కథలకు రాకుమారి వచ్చింది.”

“గిరాకీని బట్టి సరుకు.”

“ఔ. ఆ తర్వాత ఇంగ్లీషులకు దిగినయి. మీ అసుంటి వర్తకులు వినబట్టిన్రు. ఇగ వీరుడు పోగొట్టుకున్న ఆస్తి కూడా సంపాదించుకోవాల్సి వచ్చింది.”

“గది మంచిగుంది.”

అమ్మేవాడి తొందర బయటపడితే ధర పడిపోతుంది. జనార్దన్‌కు ఆ తెలివి లేదు. గోడ గడియారం వైపు చూస్తూనే ఉన్నాడు.

వామన్‌రావు లేచి చెప్పులు వెతుక్కున్నాడు. “జర స్టేషన్ దాంక పోయొస్త. సరుకు దిగిందేమో.”

జనార్దన్ గబగబా అడ్డుపడ్డాడు. “అచ్చుయంత్రం సంగతి వినకుండనే పోతరా?”

వామన్‌రావు స్టేషన్ వైపు ఒకసారి చూసి, మళ్లీ కూర్చున్నాడు.

“అచ్చు వచ్చింది, పద్యం పోయింది. ఒక్కడే కూసోని చదువుకునేటోనికి పాట ఎందుకు? వచనం చాలు. ఆఖరుకు సన్న పుస్తకాలై సంతలల్ల అమ్ముడుపోయినయి.”

“గా కథలల్ల రాకుమారి తండ్రి ఏం చేస్తడు?”

జనార్దన్ మళ్లీ గడియారం చూశాడు. “ముందు... కోటలో పెట్టి తాళం వేస్తడు. చివరికి విందు పెడతడు.”

“విందు ముందే పెట్టరాదా?”

“పెడితే కథే లేదు, సావుకారు.”

“గదీ నిజమే.”

బండి కూసింది. చప్పుడు మెల్లగా సన్నగిల్లి, దూరంలో కలిసిపోయింది.

జనార్దన్ హాయిగా ఊపిరి పీల్చుకుని లేచాడు. “ఇగ నేను పోయొస్త.”

“కూసోండ్రి, చాయ్ చెప్పిన,” అన్నాడు వామన్‌రావు. “వాళ్లిద్దరికి గా వరంగల్ టికెట్లు కొనిచ్చింది నేనే సార్. రేపు మా కులపోళ్లు అడిగితే, బండి పోయేదాంక నేను గీడనే కూసున్ననని మీరు సాక్ష్యం చెప్పాలె.”