రాతిమనిషి ముఖం

"అక్కడే ఆగమ్మాయ్. ఆ తెల్లరాళ్ళు దాటి ఆడవాళ్ళు రాకూడదు," అన్నాడు సుయూన్‌బాయ్ తాత.

మ్యూజియం నుంచి వచ్చిన బెగాయిమ్ ఆగిపోయింది. ఆమె వెనక జీపులో, మందపాటి కంబళిలో చుట్టిన రాతి తల ఉంది. ఎదురుగా పచ్చిక మధ్యలో తల లేని రాతిమనిషి, రెండు చేతులా గిన్నె పట్టుకుని నిలబడి ఉన్నాడు. నారిన్ కొండల్లో ఆ మేతబయలుకి మందలు తోలుకొచ్చే వాళ్ళందరికీ ఆయన వీరతాత. ఏటా తొలి వెన్న మగవాళ్ళే తీసుకెళ్ళి ఆయన భుజాలకి పూస్తారు. ఆ వెన్న చిలికే అనార్‌ఖాన్, సుయూన్‌బాయ్ భార్య, యాభై రెండేళ్ళుగా రాళ్ళకి ఇవతలే నిలబడి మొక్కుకుంటోంది.

ఆ తల కొండ దిగువన వాగులో దొరికింది. కిందటి వేసవిలో మ్యూజియం డ్రైవరు రాళ్ళు దాటి వెళ్ళి, రాతిమనిషి మెడకి తీసుకెళ్ళిన మైనపు అచ్చుకి అది చక్కగా సరిపోయింది. ఇవాళ నిలబెట్టకపోతే అది మళ్ళీ మ్యూజియం అద్దాల పెట్టెలోకే పోతుందని బెగాయిమ్ నెమ్మదిగా చెప్పింది. అతికించే పని తెలిసింది తనొక్కదానికేనని కూడా చెప్పింది.

ముసలాయన ఆలోచనలో పడ్డాడు. ఆ ముఖం ఎలా ఉంటుందో చూడాలని చిన్నప్పటి నుంచీ ఆశ. గుబురు మీసం ఉండి తీరుతుందని ఆయన నమ్మకం. కాదు, గడ్డమేనని తమ్ముడు ఎసెన్. ఆ వాదన మీద అన్నదమ్ములు ఒక వేసవంతా మాట్లాడుకోలేదు.

"నువ్వు అక్కడే నిలబడి చెప్పు. మేం చేస్తాం," అన్నాడు చివరికి.

"సరే తాతా. ముందొకసారి ముఖం చూసుకోండి మరి."

"విప్పకు. ఆయన ముఖం ఆయన ఒంటి మీదే చూడాలి."

ఆ పిల్ల ఇంకేదో చెప్పబోయి మానుకోవడం సుయూన్‌బాయ్ గమనించాడు. పట్టించుకోలేదు.

నలుగురు మగవాళ్ళు తలని కంబళితోనే మోసుకొచ్చి, మెడ దగ్గర మాత్రం తెరిచారు. సున్నం ఎంత మందాన వెయ్యాలో, ఎటు తిప్పాలో బెగాయిమ్ దూరం నుంచే చెప్పింది. మధ్యాహ్నానికి తల మెడ మీద కుదురుకుంది. సున్నం పట్టేదాకా అందరూ పులిసిన గుర్రపు పాలు తాగుతూ కూర్చున్నారు. వెలుగు పసుపుపచ్చగా మారాక సుయూన్‌బాయ్ చేతులు కడుక్కుని, లేచి వెళ్ళి, కంబళి ముడి తనే విప్పాడు.

మీసం లేదు. గడ్డమూ లేదు. నున్నటి గుండ్రటి బుగ్గలు, చెవులకి లోలకులు, పెద్దింటి ఇల్లాలు పెట్టుకునే మూడు కొనల కిరీటం. కళ్ళు కొంచెం వాల్చి, పసిబిడ్డని చూస్తున్నట్టు చూస్తోంది.

ఎసెన్ దగ్గాడు.

సుయూన్‌బాయ్ టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. ఆ ముఖాన్ని దగ్గరగా చూశాడు. తరవాత భార్య వైపు తిరిగాడు.

"ఇలా రా, అనార్‌ఖాన్. మీ అత్తగారు ఇక్కడుంటే నువ్వక్కడ నిలబడతావేం?"

అనార్‌ఖాన్ తలగుడ్డ సర్దుకుంది. తొందరపడలేదు.

"వస్తాను గానీ, మగాళ్ళంతా ముందు ఇవతలికి రండి. అత్తాకోడళ్ళం మాట్లాడుకోవాలి."