మారుకూత

బొగ్గుబాయిల పట్టిన దమ్ము రోగం జర తగ్గంగనే, మొక్కు తీర్చాలని నా భార్య దుర్గవ్వ నన్ను అడవిల గుట్టకు తోలుకపోయింది. సగం ఎక్కినంక ఊపిరాడక బండ మీద కూలవడ్డ.

"నిన్ను మోసుకపోను నేనేమన్న ఎడ్లబండినా?" అన్నది నవ్వుకుంట.

"నువ్వు పోయి కొబ్బరికాయ కొట్టిరా" అన్న.

"ఎలుగుబంట్లున్నయి. కొనకెక్కి కూత వెడ్త, నువ్వు మారుకూత వెట్టు."

అడవిల మాకదే లెక్క. మారుకూత రాకుంటే మనిషి లేనట్టే.

కొననుంచి దుర్గవ్వ కూత వినవడ్డది. నోరు తెరిస్తే నాకు దగ్గు తప్ప ఏం రాలే. మల్ల కూత వెట్టింది. రాయి తీసుకొని బండను కొట్టిన. ఆ సప్పుడు నాకే సరిగ వినవడలే.

జరసేపటికి గుట్ట మీద శోకం లేసింది.

పెండ్లైన కాడికెల్లి నా పేరు పలకని మనిషి, "ఓ నా గట్టయ్యా" అనుకుంట ఏడుస్తున్నది. నేను బండ మీద కూసోని ఇంటున్న.