కడిగిన డబ్బా

డబ్బా మొదటిసారి పోయింది సోమవారం. పోయిందంటే డబ్బా పోలేదు, అందులో తిండి పోయింది. మధ్యాహ్నం ఫ్యాక్టరీ గంట కొట్టాక చొక్కాల కాలర్లు కుట్టే అమ్మాయి వెళ్లి చూస్తే, డబ్బా ఎప్పటిలా అరలోనే ఉంది. లోపల మెతుకు లేదు. ఎవరో శుభ్రంగా కడిగి, తుడిచి, మూత బిగించి పెట్టారు.

"దొంగకి శుభ్రత ఎక్కువే," అంది పక్క మిషన్ ఆమె. నోరు మూయదని ఆమెను అందరూ రేడియో అంటారు.

మంగళవారమూ అంతే. బట్టకు మరకలంటుతాయని డబ్బాలను మిషన్ల దగ్గరకు రానివ్వరు. పనివాళ్ల పసిపిల్లల్ని ఉంచే గది బయట అరలోనే పెట్టాలి. "బాలింతవి, నువ్వు తింటేనే వాడికి పాలు," అంటూ అత్త పొద్దున్నే రెండు గుడ్లు, పప్పు, ఆకుకూర సర్ది పంపుతోంది. ఆమెకు ఏమని చెప్పాలి? టీలో బన్ను ముంచుకు తిని, పిల్లల గదిలో ఉన్న బిడ్డ దగ్గరకు వెళ్లింది.

మూడు నెలల కొడుకు రొమ్ము అందిస్తే మొహం తిప్పుకున్నాడు. మళ్లీ పెడితే నాలుకతో తోసేశాడు. కళ్లు మూతలు పడుతున్నాయి.

"నిన్నా ఇంతే. ఏమైంది వీడికి?"

"నిద్రమత్తు తల్లీ. ఇంటికెళ్లాక తాగుతాడులే," అంది పిల్లల్ని చూసుకునే ఆయా, ఆమె వైపు చూడకుండా.

తిరిగొచ్చి మిషన్ ముందు కూర్చుంటే కాలు పెడల్ మీద నిలవలేదు. తిండి లేక తన పాలే ఇంకిపోతున్నాయా? లేక వాడికే ఏదైనా అయిందా?

"ఆ ఆయా బిడ్డ పురిట్లోనే పోయి నెల దాటిందో లేదో," అంది రేడియో, గొంతు తగ్గించి. "పక్కవాళ్ల పిల్లల్ని చూస్తే కడుపు మండదూ? ఏ నల్లమందు చుక్కో నోట్లో వేస్తోందేమో, కనిపెట్టుకో."

"ఊరుకో అక్కా."

"నేను ఊరుకుంటాను. రేపు వాడు లేవకపోతే?"

బుధవారం పొద్దున రేడియో చెబుతుంటే ఆమె ఫిర్యాదు రాసింది. డబ్బా సంగతి, బిడ్డ మత్తు సంగతి రాసి, చివర ఆయాను పనిలోంచి తీసెయ్యమని రాసింది. మధ్యాహ్నం సంతకం పెట్టి ఇద్దామని మడిచి జాకెట్లో పెట్టుకుంది.

పదకొండింటికి సూది విరిగింది. కొత్త సూది కోసమని లేచిన మనిషి నేరుగా పిల్లల గది వైపు నడిచింది.

అరలో తన డబ్బా లేదు. గది తలుపు ఓరగా వేసి ఉంది. లోపల ఏ చప్పుడూ లేదు. వేలి కొసతో తలుపు తోసింది.

ఆయా గోడకు ఆనుకుని నేల మీద కూర్చుని ఉంది. ముందు డబ్బా. కుడిచేత్తో తల ఎత్తకుండా ముద్ద మీద ముద్ద మింగుతోంది. ఎడమచేతిలో బిడ్డ ఉన్నాడు. వాడి తల మీద ఆమె పమిట కప్పి ఉంది.

"తాగు నాన్నా," అంటోంది. "మీ అమ్మ తిండే. తిరిగి నీకే చేరుతోంది."

పమిట కింద నుంచి గుటకలు వినిపించాయి.

కాగితం ఇంకా జాకెట్లోనే ఉంది. ఆమె దాని మీద సంతకం పెట్టలేదు. చింపనూ లేదు.