పోలియో లెక్క

మొగుళ్లపల్లిలో పోలియో లెక్క రాస్తున్నాను. కాళ్లు పడిపోయిన పిల్లలు ఎక్కువున్న ఊళ్లకే ముందుగా చుక్కల మందు వస్తుంది.

ఐలయ్య చంటి కొడుకును ఎత్తుకొని గడపలో నిలబడ్డాడు. పెద్దబిడ్డను పెళ్లిచూపులకు వచ్చిన కొత్త చుట్టాలు వాకిట్లో మంచం మీద కూర్చున్నారు.

"మా ఇంట్ల గసొంటి పిల్లలు లేరు సారూ," అన్నాడు.

అతని వెనక నుంచి ఎనిమిదేళ్ల సమ్మక్క చేతుల మీద పాకుతూ వచ్చింది.

"నన్ను రాసుకో సారూ. తమ్మునికైనా మందొస్తది."

చుట్టాలు తలలు తిప్పారు. "గీ పిల్లెవరు బావా?"

"పక్కింటి పిల్ల," అన్నాడు ఐలయ్య. "ఆడుకోను వచ్చింది."

సమ్మక్క తండ్రి మొహంలోకి చూసింది. ఆయన చూపు తిప్పుకున్నాడు.

"అవు సారూ," అంది. "మా ఇంటికొచ్చి రాసుకో."

పక్కింటి వైపు పాకుతూ పోయింది.