లీటరుకు పద్దెనిమిది

“ఇది అబద్ధపు లెక్క మొదలాళీ. లీటరుకి పద్దెనిమిది కిలోమీటర్లంట. పదమూడు దాటి ఈ బండి ఎప్పుడిచ్చింది?”

భక్తవత్సలం ట్రిప్పుల పుస్తకాన్ని బల్ల మీద పరిచి, ఆ అంకె మీద వేలు పెట్టాడు. తిరుత్తణి బజారులో తువాళ్లు, లుంగీల హోల్‌సేలు కొట్టు అది. కొట్టు యజమాని, అందరికీ మొదలాళి అయిన శ్రీరాఘవ్ పుస్తకం వైపు ఒకసారి, అతని మొహం వైపు ఒకసారి చూశాడు. భక్తవత్సలం మాటంటే ఆయనకు గురి. తండ్రి కాలం నుంచీ, పదకొండేళ్లు ఆ కొట్టు వ్యాను తోలిన మనిషి. మోకాళ్ల నొప్పులతో రెండు నెలల క్రితం స్టీరింగు వదిలి గోడౌను చూసుకుంటున్నాడు. ఆ సీట్లోకి యువరాణి వచ్చింది.

“ఆ పాప ఏం చేస్తా ఉండాదంటావు అన్నా?”

“పాండూరు దాకా పోకనే వెనక్కి తిరుక్కొని వస్తా ఉండాదేమో. మీటరు తిప్పేవాళ్లు ఊళ్లో లేరా?”

శ్రీరాఘవ్ ఆలోచనలో పడ్డాడు. రెండో వ్యాను కొని, రెండింటి బాధ్యతా యువరాణికే అప్పజెప్పాలని ఆయన అనుకుంటున్నాడు. ఆమెను పిలిచి మొహమాటం లేకుండా చెప్పేశాడు. లెక్క నిజమైతే రెండు బళ్లూ ఆమె చేతికి వస్తాయి. అబద్ధమైతే సోమవారం నుంచి రానక్కర్లేదు. యువరాణికి తల్లి కన్నియమ్మ మందులకూ, ఇంటి బాడుగకూ ఆ జీతమే ఆధారం. కావాలంటే ఎవరినైనా తోడు పంపండి అందామె.

మర్నాడు భక్తవత్సలమే తోడు వెళ్లాడు. ముందుగా బంకులో టాంకు మూతి దాకా నింపించారు. బయలుదేరకముందే, టైర్లు చల్లగా ఉండగానే, ఆమె గాలి చూసుకుంది. వెనక ఏళ్లుగా పడి ఉన్న ఇనుప స్టాండు, పాత టైర్లు ఎప్పుడో దించేసింది. భక్తవత్సలం సీటు వెనక తడిమాడు, కాళ్ల కింద చూశాడు, దాచిన డీజిలు క్యాను ఎక్కడా లేదు. తిరువాలంగాడు దాటాక స్పీడోమీటరు ముల్లునే చూస్తూ కూర్చున్నాడు. నలభై ఐదు దగ్గర అది మేకు కొట్టినట్టు నిలిచింది. స్పీడ్ బ్రేకరు దూరాన కనిపించగానే ఆమె పాదం పైకి లేచేది. పసిబిడ్డ వీపు తట్టినంత మెత్తగా మళ్లీ కిందికి దిగేది.

కడంబత్తూరు దగ్గర రైల్వే గేటు పడింది. ఆమె ఇంజను ఆపేసింది.

“ఏం పాపా, ఆపేసినావు?”

“రైలొచ్చే దాకా ఇంజను సుమ్మా, ఊరికే తిరిగి ఏం చేస్తాది మామా? తాగేది డీజిలే కదా.”

తిరువళ్లూరులో సరుకు దించారు. పాండూరు కొట్టాయన పళని చీటీ మీద సంతకం పెడుతుంటే, ఈ పాప రోజూ వస్తా ఉండాదా అని భక్తవత్సలం ఆరా తీశాడు. గడియారం చూసుకోనక్కర్లేదు, ఈ పాప వస్తే పదకొండని అర్థం అన్నాడు పళని. కొండంతా తవ్వినా భక్తవత్సలానికి ఎలుక కూడా దొరకలేదు. సాయంత్రం అదే బంకులో నింపితే నూట పది కిలోమీటర్లకు ఆరు లీటర్ల చిల్లర పట్టింది.

అయినా అతను ఒప్పుకోలేదు. రోడ్డు ఖాళీగా ఉందనీ, గాలి వాటంగా ఉందనీ, ఒక్క రోజుతో ఏం తేలుతుందనీ సణిగాడు.

“అయితే రేపు నువ్వే తోలు అన్నా. పక్కన నేను కూర్చుంటా. ఇద్దరి లెక్కా చూస్తే తెలిసిపోతాది కదా,” అన్నాడు శ్రీరాఘవ్.

మోకాళ్లు సహకరించవని భక్తవత్సలం ఎంతో చెప్పి చూశాడు. ఒక్క రోజే కదా అన్నాడు మొదలాళి.

ఆ రోజు వ్యాను అతని కాలి కింద రంకెలు వేసింది. రెండో గేరులోనే ఈడ్చాడు. ఖాళీ రోడ్డులో ఎనభైకి పోనిచ్చి, ఆటో అడ్డొస్తే బ్రేకు మీద నిలబడ్డాడు. గేటు దగ్గర పది నిమిషాలూ ఇంజను తిరుగుతూనే ఉంది.

“ఇట్లా తోల్తే డీజిలు యాడ నిలుస్తాది అన్నా?”

“నా అలవాటు ఇదే మొదలాళీ. ఇట్లా తోలే పదమూడు తెచ్చినా.”

తిరువాలంగాడులో టీ కొట్టు చూపించి, మీరు తాగి రండి, బండి నేను చూసుకుంటా అన్నాడు. శ్రీరాఘవ్ ఫ్లాస్కు పైకెత్తి చూపించాడు. మధ్యాహ్నం భోజనం కూడా ఇంటి నుంచి తెచ్చుకున్న పొట్లం విప్పి బండిలోనే తిన్నాడు. రోజంతా మొదలాళి సీటు వదల్లేదు.

సాయంత్రం బంకు దగ్గర యువరాణి ముందే వచ్చి, చీర కొంగు చేతికి చుట్టుకుని నిలబడింది. మూతి దాకా నింపారు. మీటరు ఆరున్నర లీటర్ల దగ్గర ఆగింది. శ్రీరాఘవ్ ఫోనులో భాగించి చూసి నవ్వేశాడు.

“పదిహేడు. అంత మొరటుగా తోలినా పదిహేడు. అంతా టైర్ల గాలి, దించేసిన బరువు చేసిన పనే అన్నా. బండినే మార్చేసింది ఈ పాప.”

అక్కడికక్కడే తాళం చెవి ఆమె చేతిలో పెట్టి, కొత్త బండి కూడా నీదేనమ్మా అన్నాడు. యువరాణి కళ్లు తుడుచుకుని భక్తవత్సలం దగ్గరికి వచ్చింది.

“మీరు తోలి చూపించబట్టే నా మాట నిలిచింది మామా.”

అతను తల ఊపాడు. మొదలాళి జాలిగా అతని భుజం మీద చెయ్యి వేశాడు.

“నీ తప్పేం లేదులే అన్నా. చెప్పేవాళ్లు లేక పదకొండేళ్లు రోజుకి రెండు లీటర్లు పొగలో కలిసిపోయినాయి.”

ఆ రెండు లీటర్లూ రోజూ దారిలో దింపి అమ్ముకున్నది భక్తవత్సలమే.