చేప అతుకు రైఫిల్

ముసలాయన రైఫిల్‌ను కింద పెట్టడం లేదు.

పెన్సిల్వేనియా బొగ్గుకొండల్లో, ఊరి అగ్నిమాపక దళం హాల్లో ఏటా థాంక్స్‌గివింగ్ పండుగకు ముందు జరిగే తుపాకుల సంత అది. అక్కడ ఎవరూ రాసి పెట్టని నియమం ఒకటుంది. ఒకరి చేతిలో ఉన్న తుపాకీకి మరొకరు ధర అడగరాదు. మొదటివాడు కింద పెట్టాకే రెండోవాడి వంతు.

రెండోవాడు లెనర్డ్ యూరిక్. బడిలో చెక్కపని నేర్పి రిటైరైన మనిషి. పాత సైనిక రైఫిళ్ళ గురించి అచ్చయిన పుస్తకాలన్నీ చదివాడు. చదివాడన్న సంగతి ఊళ్ళో అందరికీ తెలుసు.

యుగోస్లావ్ సైన్యం వాడి తీసేసిన రైఫిల్ అది. ఓడలో వచ్చి, ఏళ్ళ తరబడి గిడ్డంగిలో గ్రీజు పూసుకుని పడుకుంది. గొట్టంలో తుప్పు లేదు. భుజానికి ఆనే కర్ర మీద పగిలినచోట ఎవరో సైనిక వడ్రంగి చేప ఆకారంలో చెక్కముక్క అతికించాడు. ఆ అతుకు పనితనం లెనర్డ్‌కు నచ్చింది. అంతకన్నా నచ్చినది, గొట్టం మీదా, తూటాను వెనకనుంచి మూసే బోల్టు మీదా ఉన్న ఒకే సంఖ్య. ఆ రెండు భాగాలూ కర్మాగారంలో ఒకదానికొకటి సరిచూసి బిగించినవని దాని అర్థం.

తల్లి పోయిన తర్వాత కూతురు డార్లీన్ అతణ్ణి ఏదీ అడగలేదు. ఈ ఏడు మాత్రం జింకల వేటకు తానూ వస్తానంది. ఆమె చేతికి ఈ రైఫిలే ఇవ్వాలని లెనర్డ్ నిశ్చయించుకున్నాడు.

"దాన్ని పెళ్ళిచేసుకుంటావా ఏంటి పెద్దాయనా? కొంటే కొను, లేదంటే కింద పెట్టు," అన్నాడు లెనర్డ్.

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. అమ్మకందారు బడ్ కూడా గొణిగాడు. ఈయన పోయిన సంతలోనూ ఇలాగే బల్లబల్లకీ తిరిగి బోల్టులు చూసుకుంటూ కూర్చున్నాడట.

ముసలాయన బోల్టును లెనర్డ్ వైపు తిప్పాడు.

"ఈ నాలుగు అంకె చూడు. పాదం మూల విరిగింది. కర్మాగారంలో విరిగిన అచ్చు వాడరు. ఉన్న సంఖ్యని అరగదీసి, తర్వాతెవడో ఇది కొట్టాడు. ఈ బోల్టు దీనిది కాదు."

బోల్టు సరిగ్గా కూర్చోకపోతే తూటా వెనక వెంట్రుకవాసి సందు మిగులుతుందనీ, ఏదో ఒకరోజు మందు వెనక్కి తన్ని కాల్చినవాళ్ళ ముఖం మీదికే వస్తుందనీ చెప్పాడు. నిజమో కాదో తేల్చాలంటే కొలత కమ్మీ పెట్టి బోల్టు మూసి చూడాలి. సంతలో ప్రతి బోల్టునూ మూసుకోకుండా ప్లాస్టిక్ పట్టీతో కట్టేస్తారు. బడ్ ఆ పట్టీ కోయనన్నాడు.

లెనర్డ్ భూతద్దం పెట్టి చూశాడు. నాలుగు పాదం కాస్త మొద్దుగా ఉన్న మాట నిజమే. దానికి కారణాలు చాలా ఉండవచ్చు. సరుకును తిట్టి ధర దించడం మాత్రం అతడికి బాగా తెలిసిన ఎత్తుగడ.

"దీన్ని కాల్చేదెవరు?" ముసలాయన అడిగాడు.

"మా అమ్మాయి."

ముసలాయన పర్సు తీశాడు. బడ్ చెప్పిన ధరను బేరమాడకుండా ఇచ్చేశాడు.

లెనర్డ్ గుమ్మం దాకా వెంటపడ్డాడు.

"అంత చెడ్డదైతే నువ్వెందుకు కొన్నావయ్యా?"

 ముసలాయన రైఫిల్‌కు దుప్పటి చుట్టి కారు వెనకసీట్లో పెట్టుకుని వెళ్ళిపోయాడు. హాలు వంటగది కిటికీ దగ్గర ఆయన తెమ్మన్న హలుష్కి, క్యాబేజీ కలిపి వేయించిన నూడుల్స్, పళ్ళెంలోనే చల్లారింది.

ఆ సీజనులో డార్లీన్ తండ్రి పాత తుపాకీతోనే వేటకు వెళ్ళి జింకను కొట్టింది. అయినా లెనర్డ్ కడుపుమంట చల్లారలేదు. మంగలి షాపులో, చర్చి విందుల్లో ఆ కథ చెబుతూనే ఉన్నాడు. చెప్పినకొద్దీ ముసలాయన జిత్తులు పెరిగాయి.

మరుసటి ఏడు సంతలో చివరి బల్ల వెనక ఒక ముసలామె కూర్చుని ఉంది. పోయిన భర్త పనిముట్లు అమ్ముతోంది. ఆకురాళ్ళు, పట్టుకార్లు, రంపాలు. పక్కన ఇనుము లేని రైఫిల్ కర్రల దొంతర. అన్నిటికన్నా పైన చేప ఆకారపు అతుకున్న కర్ర.

లెనర్డ్ దాన్ని చేతిలోకి తీసుకున్నాడు.

"దీని ఇనుమేదమ్మా?"

"లేదు బాబూ. ఊరూరా తిరిగి తుపాకులు కొనుక్కొచ్చి, మా నేలమాళిగలో రంపంతో ముక్కలు కోసేవాడు. ఎందుకయ్యా అంటే పలికేవాడు కాదు. కర్రలు మాత్రం దాచాడు. వీటి తప్పేముంది అనేవాడు."

లెనర్డ్ టోపీ తీశాడు. కిందటేడు ఆ గుమ్మం దగ్గర తాను అడిగిన ప్రశ్నకు జవాబు ఇన్నాళ్ళకు దొరికింది. డార్లీన్ ముఖం గుర్తుకొచ్చింది. ఆయన సైన్యంలో తుపాకులు బాగుచేసేవాడా అని అడిగాడు.

సైన్యం కాదని ఆమె చెప్పింది. వయసులో ఉండగా దిగుమతి గిడ్డంగిలో పనిచేశాడట. ఓడల్లో వచ్చిన తుపాకులను విప్పి, కడిగి, మళ్ళీ బిగించి అమ్మకానికి సిద్ధం చేసే పని. ఆ రోజుల నాటిదంటూ ఒక చిన్న చెక్కపెట్టెను ముందుకు జరిపింది. అందులో సున్నా నుంచి తొమ్మిది దాకా అంకెలు కొట్టే ఉక్కు అచ్చులున్నాయి.

లెనర్డ్ వాటిలోంచి నాలుగును తీసి కిటికీ వెలుగుకు ఎదురుగా పట్టి చూశాడు. పాదం మూల విరిగి ఉంది.